కొమ్ముల కొండ కింది ఊరు

మొరాకో దేశపు ఉత్తర భాగంలో మధ్యధరా సముద్రతీరాన్ని ఆనుకొని రిఫ్ అనే పర్వతశ్రేణి విల్లులా వంగి ఉంటుంది. ఆ శ్రేణి పశ్చిమ కొసన, సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున, షెఫ్‌షావెన్ అనే చిన్న పట్టణం ఉంది. 2014 నాటి జనగణన ప్రకారం దాని జనసంఖ్య ఇంచుమించు 43 వేలు. ఊరి వెనుక తిసూకా మొదలైన శిఖరాలు నిటారుగా లేచి ఉంటాయి. దిగువ లోయనుండి చూచేవారికి వాటిలో రెండు శిఖరాలు మేక తలపైని కొమ్ముల వలె కనబడతాయి. ఆ ప్రాంతపు ప్రాచీన భాషలో ‘ఇష్’ అంటే కొమ్ము. ‘అషావెన్’ దాని బహువచనరూపం. ఊరి పేరులోని ఉత్తరార్ధం ఇదే. పూర్వార్ధమైన ‘షెఫ్’ అనేది ‘చూడు’ అనే అర్థంగల అరబ్బీ పదంనుండి వచ్చిందనీ, మొత్తం పేరుకు ‘కొమ్ములను చూడు’ అని అర్థమనీ జనులు చెప్పుకొంటారు. పూర్వార్ధం సంగతి జనవ్యుత్పత్తి కావచ్చు. ఉత్తరార్ధం విషయంలో మాత్రం సందేహానికి తావు లేదు. స్థానికులు కూడ వాడుకలో ఊరిని ‘షావెన్’ అనే పిలుచుకొంటారు.

ఇందులో ఒక చిత్రమున్నది. ‘ఇష్’, ‘అషావెన్’ అనేవి బెర్బర్ భాషాపదాలు. నేడు షావెన్ వీధులలో వినిపించే భాష అరబ్బీ. తల్లులు బిడ్డలను జోకొట్టేది అరబ్బీలోనే, వర్తకులు బేరమాడేది అరబ్బీలోనే. తాము మాట్లాడని భాషలోని పేరును ఆ ఊరివారు అయిదున్నర శతాబ్దాలుగా తమ ఊరికి నిలుపుకొన్నారు. మరి వారెవరు? ఈ ప్రశ్నకు సమాధానం ఒక్క మాటలో దొరకదు. ఆ ఊరి చరిత్రను మొదటినుండి చూడాలి.

ముందుగా ‘బెర్బర్’ అనే మాటను గురించి కొంత తెలుసుకోవాలి. ఉత్తర ఆఫ్రికాలో, ఈజిప్టు పడమటి సరిహద్దు మొదలుకొని అట్లాంటిక్ మహాసముద్రం వరకు, అరబ్బులు రాకమునుపే నివసించిన ఆదిమ జాతులకు ఇతరులు పెట్టిన పేరిది. తమకు అర్థంకాని భాష మాట్లాడేవారిని ప్రాచీన గ్రీకులు ‘బర్బరోస్’ అన్నారు. ఎదుటివాని మాట చెవికి ‘బర్ బర్’ అని వినిపించడమే ఆ పేరుకు మూలం. ఆ మాట లాటిన్‌లోకి చేరింది. అరబ్బులు ఈ జాతులకు పెట్టిన ‘బర్బర్’ అనే పేరును దీనినుండే గ్రహించారని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. సంస్కృతంలో కూడ ‘బర్బర’ శబ్దముంది. మహాభారతంలో యవనులు, కాంభోజులు మొదలైన జాతుల పట్టికలలో బర్బరులు కనబడతారు. వారికీ, ఆఫ్రికాలోని ఈ జనులకూ సంబంధం లేదు. పరాయివాని మాటను వెక్కిరించే పద్ధతి మాత్రం రెండుచోట్లా ఒక్కటే. తెలుగులో క్రూరుని ‘బర్బరుడు’ అంటున్నప్పుడు, ఒకానొకనాడు ఆ మాటకు అర్థం ‘మన భాష రానివాడు’ అని మాత్రమేనని మనకు తోచదు.

ఈ జనులు తమను తాము ‘అమజిగ్’ అనీ, బహువచనంలో ‘ఇమజిగెన్’ అనీ చెప్పుకొంటారు. స్వేచ్ఛాజీవులు, ఎవరికీ లొంగనివారు అని ఆ మాటకు వారు సంప్రదాయంగా చెప్పుకొనే అర్థం. ఒకే జాతికి పరులు పెట్టిన పేరు ఒకటి, తాము పెట్టుకొన్న పేరు మరొకటి. మొదటి దానిలో తిరస్కారం, రెండవ దానిలో ఆత్మగౌరవం ఉన్నాయి. అందుచేత ఇటీవలి రచనలలో ‘అమజిగ్’ అనే పేరుకే ప్రాధాన్యం పెరుగుతున్నది.

అమజిగ్ జాతుల చరిత్ర చాల పురాతనమైనది. క్రీస్తు పూర్వం 2వ శతాబ్దంనాటికే నేటి ట్యునీషియాలోని దూగ్గా అనేచోట వారి లిపిలో శాసనం చెక్కబడింది. తిఫినాగ్ అనే నేటి లిపికి పూర్వరూపాన్ని అందులో చూడవచ్చు. ఫినీషియనులు, రోమనులు, అరబ్బులు ఒకరి తరువాత ఒకరుగా వచ్చి తీరప్రాంతాలను ఏలినా, కొండలలోని తెగలు మాత్రం తమ కట్టుబాట్లను, పలుకును నిలుపుకొన్నాయి. 11వ శతాబ్దంలో అల్మొరావిదులు, 12వ శతాబ్దంలో అల్మొహాదులు అనే పేరిట ఆఫ్రికాలోను, స్పెయిన్‌లోను విశాల సామ్రాజ్యాలను నెలకొల్పినవారు అమజిగ్ తెగలవారే. టాంజియర్ నగరంలో జన్మించి, 14వ శతాబ్దంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఢిల్లీ ఖాజీగా పనిచేసిన యాత్రికుడు ఇబన్ బటూటా కూడ లవాతా అనే బెర్బర్ తెగకు చెందినవాడే. ఆయన పుట్టిన ఊరికి షావెన్ ఎంతో దూరం కాదు. అయితే ఆయన కాలానికి షావెన్ ఇంకా పుట్టలేదు.

షావెన్ పరిసరాలలోని కొండలు గొమారా అనే తెగకు ఆటపట్టులు. క్రీ.శ. 8వ శతాబ్దం ఆరంభంలో ఇస్లాం ఈ కొండలకు చేరింది. 711లో జలసంధిని దాటి స్పెయిన్‌లో అడుగుపెట్టిన తారిక్ సేనలో అధికసంఖ్యాకులు బెర్బర్లే. ఆ సేనాపతి పేరిటనే ఆ జలసంధి దగ్గరి కొండకు జిబ్రాల్టర్, అనగా ‘తారిక్ కొండ’, అనే పేరు వచ్చింది. ఆ శతాబ్దం చివర, ప్రవక్త వంశీయుడైన ఇద్రీసు తూర్పుదేశాలనుండి పారిపోయి వచ్చి, బెర్బర్ తెగల అండతో మొరాకోలో రాజ్యం స్థాపించాడు. అతని వంశీయులు తరువాతి కాలంలో రాజ్యం పోగొట్టుకొని ఈ కొండలలోనే తలదాచుకొన్నారు. వారు ఇక్కడి తెగలతో వియ్యమందారు. తెగలు వారిని గురువులుగా గౌరవించాయి. ఫెజ్ నగరంనుండి ఉత్తరాన ఉన్న రేవులకు పోయే బిడారు మార్గాలు ఈ ప్రాంతం గుండానే సాగాయి. ఆ మార్గాల వెంట అరబ్బీ భాష మెల్లమెల్లగా కొండలెక్కింది. తూర్పు రిఫ్‌లోని తెగలు నేటికీ తమ బెర్బర్ భాషను మాట్లాడుతుండగా, పడమటివారు శతాబ్దాల క్రిందటనే అరబ్బీకి మారిపోయారు. వీరిని ‘జ్బాలా’ అంటారు. కొండవారు అని దాని అర్థం. గొమారా భాష మాత్రం కొన్ని పల్లెలలో, కొద్ది వేలమంది నోట, ఇంకా మిగిలి ఉంది.

భాష మారినంతమాత్రాన పాతది పూర్తిగా చెరిగిపోలేదు. జ్బాలా ప్రజల అరబ్బీలో అమజిగ్ పదాలు, పలుకుబడులు అనేకం కలిసి ఉన్నాయి. చెట్ల పేర్లు, పశువుల పేర్లు, పనిముట్ల పేర్లు వంటి కొండ బ్రతుకుకు సంబంధించిన మాటలలో ఈ పాతదనం ఎక్కువ. గ్రామనామాలైతే చెప్పనక్కరలేదు. షావెన్ సమీపంలో తలస్సెమ్తాన్ అనే అరణ్యముంది. ఆ పేరులో మొదటి భాగమైన ‘తలా’కు అమజిగ్ భాషలో నీటి ఊట అని అర్థం. మనిషి కొత్త భాష నేర్చుకొన్నా కొండకూ, ఊటకూ పాత పేరే ఉండిపోతుంది.

షావెన్ పట్టణం పుట్టుక యుద్ధంతో ముడిపడి ఉంది. 15వ శతాబ్దంలో పోర్చుగీసువారు మొరాకో రేవులను ఒక్కొక్కటిగా ఆక్రమించసాగారు. 1415లో సెయుటా, 1458లో క్సార్ ఎస్ సెగిర్, 1471లో అసిలా, టాంజియర్‌లు వారి వశమైనాయి. ఫెజ్‌లోని సుల్తాను బలహీనుడు. కొండవారిని కాపాడే నాథుడు లేడు. అప్పుడు ఇద్రీసు వంశపు షరీఫులలో ఒకడు ఈ లోయలో కోట కట్టడానికి పూనుకొన్నాడు. అతడు పోర్చుగీసువారితో పోరులో మరణించగా, అతని బంధువైన అలీ ఇబ్న్ రషీద్ స్థలాన్ని వాగుకు ఆవలి ఒడ్డుకు మార్చి, 1471లో కస్బాను నిర్మించాడు. కస్బా అంటే గోడలు, బురుజులు కలిగిన రాజదుర్గం. ఎర్రమట్టి గోడల ఆ కోట ఊరి నడిబొడ్డున ఇప్పటికీ నిలిచి ఉంది. కొండ తెగలనుండి సమకూడిన యోధులు అక్కడినుండి బయలుదేరి తీరంలోని పోర్చుగీసు స్థావరాలమీద దాడి చేసేవారు. వెనుక కొండ, ప్రక్కన జీవనది, ముందు ఇరుకైన లోయ. శత్రువుకు కానరాని ఇటువంటి చోటు దొరకడం అరుదు.

ఊరు పుట్టిన 21 ఏళ్లకు, 1492లో, స్పెయిన్‌లోని చివరి ముస్లిం రాజ్యమైన గ్రనడా పతనమైంది. ఆ ఏడే యూదులను కూడ స్పెయిన్ ప్రభువులు దేశంనుండి వెళ్లగొట్టారు. ఇల్లూ వాకిలీ విడిచిన ఆ జనం ఓడలెక్కి జలసంధి దాటారు. వారిలో కొందరు షావెన్‌కు చేరారు. అలీ ఇబ్న్ రషీద్ వారికి చోటిచ్చాడు. పాత పేట అయిన సువైకా ప్రక్కన, కొండవాలులో వారికోసం ‘రిఫ్ అల్ అందలుస్’ అనే పేట వెలసింది. తరువాత 1609 నుండి 1614 వరకు స్పెయిన్ మరొకమారు తన దేశంలో మిగిలిన ముస్లిం సంతతివారిని తరిమివేసినప్పుడు కూడ మొరాకో ఉత్తర భాగం శరణార్థులతో నిండిపోయింది.

ఈ శరణార్థులు రిక్తహస్తాలతో వచ్చి ఉండవచ్చు. చేతిలోని పనితనం మాత్రం వారి వెంట వచ్చింది. తోటలకు కాలువలు తీర్చే విద్య, నేతపని, తోలుపని, వడ్రంగం, సంగీతం వారితో షావెన్‌కు చేరాయి. మొరాకోలోని పాత పట్టణాలలో ఇండ్లకు సాధారణంగా సమతలమైన మిద్దెలుంటాయి. షావెన్‌లో మాత్రం వాలుగా దిగే పెంకుల కప్పులు చూస్తాము. చలికాలంలో కురిసే వానకూ, అప్పుడప్పుడు పడే మంచుకూ ఆ కప్పులే తగినవి. పైగా అవి శరణార్థులు విడిచివచ్చిన అందలూసియా గ్రామాల ఇండ్లను తలపిస్తాయి. పెద్దమసీదు మినారు నాలుగు పలకలది కాక ఎనిమిది పలకలది కావడం మరొక విశేషం. ఊరి పై అంచున ‘రాస్ అల్ మా’ అనే ఊట కొండ పగులులోనుండి ఉబికివస్తుంది. నీటి శిరస్సు అని దాని అర్థం. ఆ నీరే పేటలకు త్రాగునీరు, తోటలకు పారుదల నీరు. ఆ నీటి వేగంతోనే గోధుమలు విసిరే తిరగళ్లు తిరిగేవి. ఆడవారు ఆ వాగు ఒడ్డున బట్టలు ఉతుకుకొనేవారు. ఊరి పుట్టుకకు కోట ఒక కారణమైతే, ఈ ఊట మరొక కారణం.

స్థాపకుని కుటుంబం సంగతి చూస్తే ఈ కలయిక ఎంత లోతైనదో తెలుస్తుంది. పోర్చుగీసువారితో జీవితమంతా పోరాడిన అలీ ఇబ్న్ రషీద్, స్పెయిన్‌లోని వెహేర్ పట్టణానికి చెందిన ఒక క్రైస్తవ యువతిని పెండ్లాడాడు. ఆమె ఇస్లాం స్వీకరించి లల్లా జోహ్రా అనే పేరు పొందింది. వారికి ఇంచుమించు 1485 ప్రాంతంలో జన్మించిన కుమార్తెను చరిత్ర ‘సయ్యిదా అల్ హుర్రా’ అని పిలుస్తున్నది. ‘హుర్రా’ అంటే స్వతంత్రురాలు. ఇది ఆమె పేరు కాదు, బిరుదు.

ఆమె వివాహం తెత్వాన్ నగరపు పాలకుల ఇంట జరిగింది. పాడుబడిన తెత్వాన్‌ను పునర్నిర్మించినవాడు అల్ మంద్రీ అనే గ్రనడా శరణార్థి నాయకుడు. భర్త గతించిన తరువాత 1515 ప్రాంతంనుండి సయ్యిదా అల్ హుర్రా స్వయంగా నగరాన్ని పాలించింది. మధ్యధరా సముద్రపు తూర్పు భాగంలో బార్బరోసా ఓడలు, పడమటి భాగంలో ఆమె అండగల ఓడలు స్పెయిన్, పోర్చుగల్ దేశాల నౌకలను అడ్డగించేవి. బందీల విడుదలకోసం ఆ రాజ్యాల దూతలు ఆమెతోనే సంప్రదింపులు జరిపారు. 1541లో మొరాకో సుల్తాను అహ్మద్ అల్ వత్తాసీ ఆమెను వివాహమాడాడు. అందుకు ఆమె రాజధానికి వెళ్లలేదు. సుల్తానే ఫెజ్‌నుండి తెత్వాన్‌కు తరలివచ్చాడు. మొరాకో రాజుల చరిత్రలో అట్టిది చాల అరుదైన విషయం. మరుసటి ఏడే అల్లుని కుట్రవలన ఆమె పదవి పోయింది. ఆమె పుట్టింటికి, షావెన్‌కు, మరలివచ్చి శేషజీవితం అక్కడే గడిపింది. ఆమెను గురించి స్పానిష్, పోర్చుగీసు పత్రాలలో విశేషంగా దొరికినంత స్వదేశపు చరిత్రలలో దొరకదు. ఓడల దోపిడిని గురించి ఆ పత్రాలు పలికిన పరుషవాక్యాలలో శత్రువుల కోపమున్నది. స్వదేశపు మౌనానికి కారణమేమో మరి!

1561లో సాదీ వంశపు సుల్తానులు షావెన్‌ను తమ రాజ్యంలో కలుపుకొన్నారు. తరువాతి మూడు శతాబ్దాలలో ఊరు తన కొండల నడుమ ముడుచుకొని కూర్చున్నది. స్పెయిన్‌నుండి వెళ్లగొట్టబడినవారి సంతతి కాబట్టి క్రైస్తవులంటే ఇక్కడివారికి తీరని అనుమానం. వారికి ఊరిలో ప్రవేశం నిషిద్ధం. ఫ్రెంచి యాత్రికుడు చార్లెస్ ద ఫూకో 1883లో యూదు గురువు వేషం ధరించి, ప్రాణాలకు తెగించి, కొద్దిసేపు మాత్రమే ఊరిని చూడగలిగాడు. 1889లో ఆంగ్ల పత్రికారచయిత వాల్టర్ హారిస్ కూడ మారువేషంలోనే వచ్చాడు. ఒక సంగతి ఇక్కడ గమనించదగినది. క్రైస్తవులకు తలుపులు మూసిన ఈ ఊరు, యూదులకు చోటిచ్చింది. ఫూకో యూదు వేషం వేయడమే అందుకు నిదర్శనం. ఊరి ద్వారాలు అందరికీ మూసి ఉండలేదు. తరుముతూ వచ్చేవారికి మూసి ఉన్నవి, తరమబడి వచ్చేవారికి తెరిచి ఉన్నవి.

1912లో మొరాకో ఫ్రాన్సు, స్పెయిన్ దేశాల రక్షణ పాలనలోకి పోయింది. ఉత్తర భాగం స్పెయిన్ వంతు. అయినా షావెన్‌ను చేరడానికి ఆ సైన్యానికి మరి ఎనిమిదేండ్లు పట్టింది. 1920 అక్టోబరులో జనరల్ బెరెంగెర్ సేనలు ఊరిలో ప్రవేశించాయి. అప్పుడు వారికి ఊహించని అనుభవం కలిగింది. అక్కడి యూదులు స్పానిష్ మాట్లాడుతున్నారు! అయితే అది నాటి స్పెయిన్‌లో మాట్లాడే భాష కాదు. 1492లో తాతముత్తాతలు వెంట తెచ్చుకొన్న పాత కస్తీలియన్ పలుకు. నాలుగు వందల ఏండ్లపాటు ఇండ్లలో, ప్రార్థనలలో, పెండ్లిపాటలలో వారు దానిని కాపాడుకొన్నారు. తమను వెళ్లగొట్టిన దేశపు భాషను వారు విడిచిపెట్టలేదు. ఊరిలోని కొండవారు స్వంత భాషను మరచి పేరును నిలుపుకొంటే, యూదులు దేశాన్ని కోల్పోయి భాషను నిలుపుకొన్నారు. భాషల చరిత్ర చదివేవారికి ఈ రెండూ ఒకే ఊరిలో కనబడడం ఆశ్చర్యకరం.

స్పెయిన్ అధికారం అక్కడ నాలుగేండ్లకు మించి ఎంతోకాలం నిలువలేదు. 1921 జులైలో తూర్పు రిఫ్‌లోని అన్వాల్ వద్ద అబ్దుల్ కరీం అల్ ఖత్తాబీ అనే అమజిగ్ నాయకుడు స్పానిష్ సైన్యాన్ని చిత్తుగా ఓడించాడు. కొండ తెగలను ఒక్కతాటిమీదికి తెచ్చి రిఫ్ గణతంత్రాన్ని ప్రకటించాడు. 1924 చివర స్పెయిన్ షావెన్‌ను విడిచి వెనుకకు మరలింది. తెత్వాన్‌కు పోయే ఆ కొండదారిలో, వానలో, బురదలో, ఇరువైపుల గుట్టలనుండి కురిసిన తుపాకి గుండ్లకు ఆ సైన్యం తీవ్రంగా నష్టపోయింది. అందుకు ప్రతిగా షావెన్ చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 1925 సెప్టెంబరులో ఫ్రెంచివారి పక్షాన చేరిన అమెరికా స్వచ్ఛంద వైమానికులు ఊరిపై బాంబులు వేశారు. పోరాడగల పురుషులు యుద్ధరంగంలో ఉన్నారు. ఊరిలో మిగిలినవారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు, వృద్ధులు. నిరాయుధులపై విమానదాడి అనగానే 1937 నాటి స్పెయిన్‌లోని గెర్నికా పట్టణమే లోకానికి గుర్తుకు వస్తుంది. పన్నెండేండ్ల ముందే దానిని చవిచూచిన షావెన్ పేరు చెప్పేవారు తక్కువ. రిఫ్ గ్రామాలపై స్పెయిన్ విషవాయువులను ప్రయోగించిన సంగతి కూడ చాలకాలం మరుగుననే ఉండిపోయింది. 1926 మే నెలలో అబ్దుల్ కరీం ఫ్రెంచివారికి లొంగిపోయాడు. వారు అతనిని హిందూ మహాసముద్రంలోని రియూనియన్ దీవికి ప్రవాసం పంపారు. ఆ వేసవిలోనే షావెన్ మరల స్పెయిన్ వశమైంది. 1956లో మొరాకో స్వతంత్రమయ్యేవరకు ఆ పాలన సాగింది.

స్వాతంత్ర్యానికి ఇటూ అటూగా యూదులు ఊరు విడిచిపోయారు. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడిన తరువాత మొరాకో అంతటా జరిగిన వలసలో ఇదొక భాగం. నేడు షావెన్‌లో యూదుల పేట ఉంది, యూదులు లేరు.

లోకమంతా నేడు షావెన్‌ను ఎరిగింది వేరొక కారణంవలన. ఊరిలోని గోడలు, మెట్లు, తలుపులు, కొన్నిచోట్ల నేల కూడ నీలవర్ణంతో మెరుస్తుంటాయి. ఈ నీలాన్ని గురించి కథలెన్నో ఉన్నాయి. యూదులు ఆకాశాన్ని, దైవాన్ని తలచుకొనడానికి వేశారని కొందరు, దోమలు రాకుండునని కొందరు, వేసవిలో చల్లగా ఉండునని మరికొందరు చెబుతారు. వీటిలో దేనికీ బలమైన ఆధారం లేదు. ఊరంతటా నీలం నిండడం ప్రాచీనాచారం కాదు. పూర్వం సున్నపు తెలుపే ఎక్కువగా ఉండేది. నీలం వ్యాపించినది 20వ శతాబ్దంలోనే. యాత్రికులకు ఆ రంగు నచ్చింది. వారికి నచ్చినకొద్దీ రంగు పెరిగింది. ఏటా వసంతకాలంలో ఆడవారు సున్నంలో నీలిపొడి కలిపి గోడలకు పూస్తారు. ఆ పొడిని మొరాకో అరబ్బీలో ‘నీలా’ అంటారు. నీలిమందుకు సంస్కృతంలో ఉన్న ‘నీలీ’ శబ్దమే పారశీకం మీదుగా అరబ్బీకి, అక్కడినుండి మొరాకోకు ప్రయాణించింది. స్పానిష్‌లోని ‘అనీల్’ కూడ ఈ అరబ్బీ పదమే. భారతదేశపు నీలిమందు వెళ్లిన దారినే దాని పేరు కూడ వెళ్లింది.

రంగును చూచి మురిసి మరలిపోయే యాత్రికులకు ఊరిని పోషించే కొండపల్లెలు కనబడవు. సోమ, గురువారాలలో జరిగే సంతకు వస్తే అవి కనబడతాయి. తెల్లవారకముందే చుట్టుప్రక్కల పల్లెలనుండి జ్బాలా స్త్రీలు కాలిబాటల వెంట, గాడిదలపైన, ఇప్పుడు వ్యానులలోను దిగివస్తారు. నడుముకు ఎరుపు తెలుపు చారల ముతక వస్త్రం చుట్టుకొంటారు. దానిని ‘మెందీల్’ అంటారు. తలపైన ఉన్ని కుచ్చులు వ్రేలాడే వెడల్పాటి గడ్డిటోపీ ఉంటుంది. వారు తెచ్చేవి మేకపాల జున్నుగడ్డలు, ఆలివు నూనె, అత్తిపండ్లు, తేనె, కూరాకులు. జున్నుగడ్డలను ఆకులలో చుట్టి అమ్ముతారు. చలికాలపు ఉదయాలలో ఎండిన చిక్కుడుజాతి పప్పును మెత్తగా ఉడికించి, ఆలివు నూనె, జీలకర్ర చేర్చిన ‘బిసారా’ అనే చిక్కని చారు త్రాగుతారు. ఇండ్లలో కలిపిన రొట్టెపిండిని పేటలోని ఉమ్మడి పొయ్యికి పంపి కాల్పించుకొనే అలవాటు ఇంకా పోలేదు. 2010లో యునెస్కో మధ్యధరా ప్రాంతపు ఆహారసంప్రదాయాన్ని మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినప్పుడు మొరాకో తరఫున ప్రతినిధిగా ఎన్నికైనది షావెన్. నేత విషయంలో కూడ ఊరికి పేరుంది. చలిని ఆపే గోధుమవన్నె ఉన్ని జెల్లాబాలను, కంబళ్లను చిన్న గదులలోని మగ్గాలపై ఇప్పటికీ నేస్తున్నారు. జెల్లాబా అంటే తలపై ముసుగు కలిగిన పొడవాటి అంగీ.

ఈ చిత్రం అంతా ఆహ్లాదకరమే అనుకోరాదు. రిఫ్ కొండలలో సాగుభూమి తక్కువ, వాలు ఎక్కువ. కురిసే వాన మట్టిని కోసుకుపోతుంది. చాలకాలంగా అక్కడి పేద రైతులకు గంజాయి సాగే జీవనాధారమైంది. లాభం దళారులకు, భయం రైతులకు మిగిలింది. అరెస్టు వారంట్లకు వెరచి గ్రామాలు దాటని కుటుంబాలెన్నో ఉండేవి. 2021లో మొరాకో ప్రభుత్వం షెఫ్‌షావెన్‌తో కలిపి మూడు రిఫ్ మండలాలలో ఔషధ, పారిశ్రామిక అవసరాలకు మాత్రమే ఆ సాగును చట్టబద్ధం చేసింది. 2024 ఆగస్టులో రాజు వేలాదిమంది సాగుదారులకు క్షమాభిక్ష ప్రకటించాడు. ఊరి పైభాగాన ఉన్న తలస్సెమ్తాన్ అరణ్యం సంగతి కూడ ఇటువంటిదే. మొరాకోలో తప్ప మరెక్కడా సహజంగా పెరగని ఒక జాతి ఫర్ వృక్షాలకు అది నిలయం. తోకలేని బార్బరీ కోతులు అక్కడ తిరుగుతాయి. కాల్చివేతలకూ, నరికివేతలకూ ఆ అడవి కుంచించుకుపోగా, 2004లో దానిని జాతీయోద్యానంగా ప్రకటించారు.

అమజిగ్ భాషకు రాజ్యంలో స్థానం లభించడానికి చాలకాలం పట్టింది. స్వతంత్ర మొరాకో చాలకాలం అరబ్బీనే ఏకైక జాతీయభాషగా పాటించింది. బడిలో బిడ్డ నోట అమజిగ్ మాట వినబడడం నామోషీగా ఉండేది. 2001లో ఆ భాషా సంస్కృతుల పరిశోధనకై రాజాజ్ఞతో ఒక సంస్థ ఏర్పడింది. 2003లో తిఫినాగ్ లిపికి అధికారిక గుర్తింపు లభించి, ఆ ఏడే కొన్ని బడులలో బోధన ఆరంభమైంది. 2011 నాటి రాజ్యాంగం అమజిగ్‌ను అరబ్బీ సరసన అధికారభాషగా ప్రకటించింది. 2023లో రాజు అమజిగ్ సంవత్సరాదిని జాతీయ సెలవుదినంగా నిర్ణయించగా, 2024 జనవరినుండి అది ఆచరణలోకి వచ్చింది.

షావెన్‌వంటి ఊళ్లలో ఈ మార్పు కొంత విచిత్రమైన స్థితిని కలిగిస్తున్నది. తూర్పు రిఫ్‌లోని బిడ్డకు తిఫినాగ్ లిపి ఇంటిభాషకు రాతరూపం. షావెన్ బిడ్డకు అది తాతలకు తాతలైనవారి భాష. అక్షరాలతో పాటు మాటలను కూడ క్రొత్తగా నేర్చుకోవలసిందే. తమ రక్తంలో గొమారా తెగ ఉన్నదని అంగీకరిస్తూనే తాము అరబ్బులమని చెప్పుకొనేవారు అక్కడ ఉన్నారు. అందలూసియానుండి వచ్చామని గర్వించే కుటుంబాలున్నాయి. ప్రవక్త వంశీయులమనే షరీఫులున్నారు. ఈ మూడు మాటలూ ఒకే ఇంటిలో, ఒకే మనిషి నోట వినబడడం కూడ కద్దు. వారిలో ఎవరు అబద్ధమాడుతున్నారని అడగడం వ్యర్థం.

ప్రభుత్వ కార్యాలయాల ముందరి పలకలపై అరబ్బీ అక్షరాల ప్రక్కన తిఫినాగ్ అక్షరాలు ఇప్పుడు కనబడుతున్నాయి. సంతకు వచ్చిన జ్బాలా స్త్రీలలో వాటిని చదువగలవారు అరుదు. సాయంత్రం కాగానే వారు ఖాళీ గంపలు సర్దుకొని, గడ్డిటోపీలు సవరించుకొని, ‘తలా’ అనీ ‘అషావెన్’ అనీ తాము నిత్యం పలికే చోట్లమీదుగా కొండ ఎక్కిపోతారు.